బరంపురంలో ఒక ఆదివారం భోజనం

మా ఊళ్ళో మా వయసు ఆడవాళ్ళు హోటలుకు వెళ్ళడమంటే ఒకటే సందర్భం. చుట్టాలెవరో వస్తారు. సాయంత్రం వాళ్ళకి గోపాలపురం సముద్రం చూపించి తిరిగి వచ్చేటప్పుడు మగవాళ్ళకి బుద్ధి పుడితే తలా ఒక దోసె. అంతే. అలాంటిది నలుగురు ఆడవాళ్ళం, అందులో ముగ్గురం అరవై దాటినవాళ్ళం, ఎవరి డబ్బు వాళ్ళం కొంగున కట్టుకుని, పట్టపగలు ఒక కొత్త హోటల్లో బల్ల దగ్గర కూర్చుని భోజనం చేస్తామని పదేళ్ళ కిందట ఎవరైనా చెబితే నేను నవ్వి ఊరుకునేదాన్ని.

బరంపురం అనగానే మీలో చాలామందికి పట్టుచీరలు గుర్తుకొస్తాయి. అంచు పొడుగునా గుళ్ళు వరసగా నిలబడినట్టు నేసే ఆ కుంభం పని చూస్తే ఎవరైనా ఇది మా ఊరి చీరే అని చెప్పేస్తారు. అప్పడాలకీ, ఊరగాయలకీ కూడా మా ఊరికి పేరుంది. మా పెద్దవాళ్ళు చెన్నపట్నం రాజధానిలో పుట్టి, ఇల్లు కదలకుండానే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలోకి వచ్చారు. రాష్ట్రం మారింది గాని ఇరుగూ పొరుగూ మారలేదు. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇచ్ఛాపురం ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపం వస్తే రెండూ కలిపి – ఇదీ మా భాష.

ఇక ఆ నలుగురెవరో చెప్పాలి. ఒకరు టీచరు వదిన. వరసకి వదిన కాదు, పక్కింటి వాళ్ళు కాబట్టి వదిన. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పారు. ఆవిడ రిటైరైన కొన్నాళ్ళకి పిల్లలు తగ్గి అక్కడ తెలుగు విభాగం మూసేశారు. రెండోవారు మా వీధి చివర ఉండే పట్టు పిన్ని. నేతవాళ్ళ ఆడపడుచు, డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళు తప్ప ఇంకేదీ ఆవిడ మాట వినకుండా పోలేదు. మూడోవారు మా ఎదురింటి ఒడియా ఆవిడ. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో నర్సుగా చేశారు. ఒడియాలో అక్కగారిని అపా అంటారు, మాకందరికీ ఆవిడ అపాయే. నాలుగోదాన్ని నేను.

టీచరు వదిన ఇల్లు అమ్మేశారు. బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. మా ఇంటికి భోజనానికి రమ్మని ముగ్గురం విడివిడిగా పిలిచాం. ఆవిడ ఒప్పుకోలేదు. "ఒకరింటికి వస్తే ముగ్గురిళ్ళకీ రావాలి. అన్ని రోజులు లేవు. నా గిన్నెలన్నీ మూటలు కట్టేశాను, మిమ్మల్ని నేను పిలవలేను. బయట తిందాం. ఎవరి డబ్బు వాళ్ళదే" అన్నారు. ఆ చివరి మాట నాకు నచ్చలేదు. వీడ్కోలు భోజనానికి ఆవిడ చేత డబ్బు పెట్టించడమేమిటి? కాని టీచరు వదిన ఒకసారి అన్నాక దిద్దడమే గాని దిద్దించుకోవడం లేదు.

అప్పుడు మొదలైంది హోటలు వెతుకులాట. పట్టు పిన్ని షరతులు రెండు – మెట్లుండకూడదు, నూటయాభై దాటకూడదు. వదినది ఒకటే – శాకాహారం. అపాకి గాలి ఆడాలి. ఒక పెద్ద హోటలు ముందు ఆటో ఆపి నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళి ధరలు చూసి వచ్చాను. మెనూ పుస్తకమే అట్టతో కలిపి కిలో ఉంది. ఒక్క పనీరు కూర ధర చెప్పగానే పిన్ని ఆటో దిగనేలేదు. "ఆ డబ్బుతో నాలుగు రోజులు వండుకు తింటాం గదే అమ్మా" అంది. ఈ కొత్త హోటలు సంగతి చెప్పింది ఆ ఆటో అబ్బాయే. "మావుసీ, గిరి రోడ్డు లోపల ఒకటి తెరిచారు, ప్లేటు నూటపది, అన్నం ఎంతైనా పెడతారు" అన్నాడు.

పాతకాలపు గిడ్డంగిని హోటలుగా మార్చారు. ఎత్తైన కప్పు, ఎనిమిది రేకు బల్లలు, నాలుగు పంకాలు, చెయ్యి కడుక్కునే చోట శుభ్రమైన తొట్టి. మెట్లు లేవు, వాకిట్లో చిన్న గడప ఒకటే. ఎదురుగోడకి నల్లటి బోర్డు, దాని మీద సుద్దముక్కతో ఆ పూట వంటకాలు. అన్నీ ఒడియాలో, కింద రెండు పంక్తులు ఇంగ్లీషులో. టీచరు వదిన కళ్ళజోడు సర్దుకుని బోర్డు పైనుంచి కిందికి చదివారు. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం మాకు తెలుసు.

అపాతో ఒడియాలో మాట్లాడుతున్నాం కదా, పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాడు వచ్చి ఒడియాలోనే అడిగాడు, "మావుసీ, అరువా నా ఉసునా?" అని. ఈ ప్రశ్న తెలియని వాళ్ళకి చెబుతాను. అరువా అంటే పచ్చి బియ్యం అన్నం, మనం తినేది. ఉసునా అంటే ఉప్పుడు బియ్యం అన్నం. ఒడియా ఇళ్ళలో చాలామందికి అదే ఇష్టం, ఎక్కువసేపు ఆకలి వెయ్యదంటారు. అపా ఉసునా అన్నారు, మేం అరువా అన్నాం. పట్టు పిన్ని మాత్రం "ఏటే, రెండూ కలిపి పెట్టడా?" అని నన్నడిగింది. ఆ "ఏటే" వినగానే కుర్రాడి ముఖం మారిపోయింది. "మీరు మనోళ్ళేటి మామ్మా! ముందే చెప్పాల గదా" అని, పరుగున లోపలికెళ్ళి ఇంకో గిన్నె తెచ్చాడు. "ఇది బోర్డు మీద రాయలేదు. పనసపొట్టు, ఆవ పెట్టింది. మామయ్య మనోళ్ళకే ఇస్తాడు, నలభై రూపాయలు ఎక్కువ." రెండు తెమ్మన్నాం.

అది చైత్రమాసం. ఒడియా వాళ్ళ పణా సంక్రాంతి ఇంకా మూడు రోజులుంది గాని, హోటలువాడు అప్పుడే బేల పణా మొదలుపెట్టాడు. మారేడు పండు గుజ్జుతో చేసిన పానకం, చిన్న గ్లాసులతో, ఉచితంగా. ఎండలో వచ్చిన ప్రాణాలకి అది అమృతం. తర్వాత విస్తరాకు పరిచిన పళ్ళెంలో అన్నం, ముద్దపప్పు, దాల్మా, ఏదో ఆకుకూర వేపుడు, టమాటా ఖట్టా, అప్పడం. దాల్మా తెలియని ఒడియా ఇల్లుండదు. పప్పులో అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడి ముక్కలు వేసి ఉడికించి, వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి చల్లుతారు. ఉల్లి ఉండదు. ఆ రోజు దాల్మా ఎంత బాగుందంటే, మా అందరికీ దాల్మా నేర్పిన అపా రెండోసారి వేయించుకున్నారు. ఖట్టా మాత్రం బెల్లం పాకంలా తియ్యగా ఉంది. అప్పడం మా ఊరిది, దానికి వంక పెట్టడానికి లేదు.

ఇక పనసపొట్టు. పైకి చూడ్డానికి పసుపుపచ్చగా, కరివేపాకుతో కళకళలాడుతోంది. టీచరు వదిన మొదటి ముద్ద నోట పెట్టుకుని ఆగిపోయారు. నేను తిన్నాను. చేదు. విషంలా చేదు కాదు గాని, మింగాక నాలుక వెనక నిలిచిపోయే చేదు. పట్టు పిన్ని "ఇదేటి, వేపపువ్వు వేశాడేటి" అంది. కుర్రాడు బల్ల పక్కనే నిలబడి మా ముఖాలు చూస్తున్నాడు. బాగుందని అబద్ధమాడి, మిగిలింది అన్నం కింద దాచేద్దామని నా ఉద్దేశం. వదిన ఊరుకుంటారా? "మీ మామయ్యని ఒకసారి పిలు నాన్నా" అన్నారు.

తడి చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ నలభై ఏళ్ళ మనిషి వచ్చాడు. తిట్టడానికి పిలిచామనుకున్నాడు కాబోలు, ముందే "డబ్బులివ్వకండమ్మా దానికి" అన్నాడు. "డబ్బుల సంగతి తర్వాత. ఆవ ఎప్పుడు కలిపావు?" అని వదిన అడిగారు. పొయ్యి మీద ఉండగానే కలిపి పది నిమిషాలు ఉడికించానన్నాడు. "అదీ సంగతి. పనసపొట్టు చింతపండు పులుసులో ఉడికి, పోపు పడి, దింపి కాస్త చల్లారాక ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉడికితే ఘాటు పోతుంది, చేదు మిగులుతుంది" అన్నారు.

ఇక్కడ అపా అడ్డం వచ్చారు. "మా బేసరలో ఆవ పొయ్యి మీదే ఉడుకుతుంది. మాకెప్పుడూ చేదు రాలేదే!" అన్నారు. ఇదీ నిజమే. వాళ్ళు ఆవతో వెల్లుల్లి, జీలకర్ర కలిపి మెత్తగా నూరి, నీళ్ళు ఎక్కువగా పోసి పల్చటి పులుసులా ఉడికిస్తారు. మనది పొడికూర. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. అతను చేతులు కట్టుకుని బడిలో పిల్లాడిలా విన్నాడు. చివరికి టీచరు వదిన తీర్పు చెప్పారు – "అపా, ఇతను ఆవ మా పద్ధతిలో నూరాడు, మంట మీ పద్ధతిలో పెట్టాడు. అందుకే కూర ఇద్దరి ఇళ్ళకీ చెందలేదు." అతను కూడా నవ్వాడు. నవ్వి, "అమ్మ వండితే తిన్నాను గాని వండుతుంటే చూడలేదమ్మా. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు" అన్నాడు.

అప్పుడు తన సంగతి చెప్పాడు. ఇచ్ఛాపురం వైపు పల్లె. పంతొమ్మిదో ఏట సూరత్ వెళ్ళాడు. మా గంజాం జిల్లాలో ఇది ఇంటింటి కథ. సూరత్ పవర్‌లూమ్‌లలో మన జిల్లా వాళ్ళు లక్షల్లో ఉన్నారు. పన్నెండు గంటల షిఫ్టు. ఉండడానికి మెస్సులని పెద్ద గదులు. పగటి షిఫ్టువాడు లేచి వెళ్ళగానే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే చోట పడుకుంటాడు. మగ్గం మీద కొన్నేళ్ళు పనిచేశాక చెవులు మందగించి, అదే మెస్సులో వంటకి కుదిరాడు. పొద్దున్న ఒక షిఫ్టుకి, సాయంత్రం ఇంకో షిఫ్టుకి దాల్మా వండీ వండీ ఆ చెయ్యి తిరిగింది. 2020లో లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. మే నెలలో ప్రత్యేక రైలెక్కి వచ్చేశాడు. కొన్నాళ్ళు తోపుడుబండి మీద ఇడ్లీ, బడా అమ్మి, అప్పు చేసి, ఇప్పుడు ఈ హోటలు. కుర్రాడు అక్క కొడుకు, సెలవుల్లో వచ్చి సాయం చేస్తాడు.

"ఇంతకీ తెలుగు వంట ఎందుకు మొదలుపెట్టావు? దాల్మా ఒక్కటే అమ్ముకోవచ్చు కదా" అని నేనడిగాను. అందుకతను చెప్పిన కారణం నాకు తట్టనే లేదు. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట వైపు నుంచి మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వైద్యానికి వచ్చేవాళ్ళున్నారు. రోగిని చేర్పించాక పక్కనున్నవాళ్ళు భోజనం కోసం వెతుక్కుంటారు. వాళ్ళకి పప్పు, చారు, మజ్జిగ పడాలి. బోర్డు చదవలేరు. గుమ్మంలో నిలబడి చూసి, ధర ఎంత ఉంటుందోనని అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోతారు. "పిలిచి చెబుతాం గాని, అందరినీ పిలవలేం కదమ్మా. తెలుగులో రాయిద్దామంటే నాకు మాట వచ్చు, రాత రాదు. వీడూ అంతే" అన్నాడు. అపా తల ఊపారు. "నా డ్యూటీలో ఎంతమందిని చూశాను. బన్ను తిని పడుకునేవాళ్ళు" అన్నారు.

టీచరు వదిన చెయ్యి కడుక్కుని వచ్చి, "సుద్దముక్క ఉందా?" అన్నారు. కుర్రాడు స్టూలు తెచ్చాడు. స్టూలు ఎక్కద్దని మేం మొత్తుకున్నాం, ఆవిడ వినలేదు. అపా ఒక పక్క, కుర్రాడు ఒక పక్క పట్టుకున్నారు. ఒడియా పంక్తుల పక్కన ఖాళీ చోట ఏడు పంక్తులు రాశారు – అన్నం, ముద్దపప్పు, దాల్మా, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, టమాటా ఖట్టా, అప్పడం, మజ్జిగ. పైన "భోజనం" అని రాసి ధర వేశారు. పనసపొట్టు పక్కన నలభై వెయ్యబోయి ఆగి, "రేపటి నుంచి దించాక కలుపుతావా?" అని అడిగి, అతను సరేనన్నాకే అంకె వేశారు. బల్లల దగ్గర తింటున్నవాళ్ళు తల తిప్పి చూశారు. పెద్ద పెద్ద గుండ్రని అక్షరాలు, వెనక బెంచీ పిల్లాడికి కూడా కనబడేలా. అన్నేళ్ళూ ఆవిడ అలాగే రాసి ఉంటారు.

లెక్క అయిదువందల ఇరవై అయింది. నాలుగు నూటపదులు నాలుగువందల నలభై, రెండు కూరలకి ఎనభై. అతను ఎనభై వద్దన్నాడు. వదిన వినలేదు. "చేదైనా తిన్నాం. తిన్నదానికి ఇవ్వాలి" అని తన వంతు నూటముప్పై లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. నేను ఆవిడ డబ్బు తిరిగి ఆవిడ సంచిలో వేసేద్దామని చూశాను. చెయ్యి పట్టుకుని, "నా డబ్బుతో నేను ఈ ఊళ్ళో తిన్న భోజనం ఇది. ఉండనీ" అన్నారు. ఆ తర్వాత నేను మాట్లాడలేదు.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాం. మా ఊరి బుఢీ ఠాకురాణి అమ్మవారు రెండేళ్ళకోసారి గుడి వదిలి దేశిబెహరా వీధిలో పుట్టింటికి వస్తుంది. నెల రోజులు జాతర, వేషాలు, ఊరంతా ఒకటే సందడి. పట్టు పిన్నికి అది గుర్తొచ్చింది కాబోలు, "అమ్మవారైనా రెండేళ్ళకి ఒకసారి పుట్టింటికొస్తాది. నువ్వొస్తావేటే?" అని అడిగింది. వదిన సమాధానం చెప్పలేదు. "ఆటో వచ్చింది, మోకాలు జాగ్రత్త" అని పిన్ని చెయ్యి పట్టుకుని ఎక్కించారు.

ఆవిడ వెళ్ళిన నెలకి మేం ముగ్గురం మళ్ళీ వెళ్ళాం. చేదు లేదు. ఘాటుకి పిన్ని కళ్ళంట నీళ్ళు కారాయి. ఆనందమో ఆవో చెప్పలేను. బోర్డు మీద తెలుగు అక్షరాలు ఇంకా ఉన్నాయి, కాని సుద్దతో కాదు. అవి చెరిగిపోతే మళ్ళీ రాసే దిక్కు లేదని, వదిన రాసిన అక్షరాల మీదే ఆ కుర్రాడు తెల్ల రంగుతో కుంచె తిప్పాడట. ఎలా వంపు తిరిగితే అలా, ముగ్గు దిద్దినట్టు. అంకెలు మాత్రం సుద్దతోనే ఉంచాడు, ధరలు మారతాయి కాబట్టి. అన్నట్టే ఇప్పుడు నూటపది నూటఇరవై అయింది. అక్షరాలు వదినవే. పనసపొట్టు కాలం అయిపోతే ఆ పంక్తి మీద కాగితం అంటిస్తాడు, చెరపడు.

మొన్న కార్తీకంలో వెళితే, "మావుసీ, చేమదుంపల పులుసు కొత్తగా పెట్టాం, రాసి పెట్టండి" అన్నాడు. రాశాను. నా రాత వదిన రాత పక్కన కుంటుతోంది. బెంగుళూరుకి ఫోను చేసి చెబితే, "కుంటితే కుంటింది, చదవడానికి వస్తోందా లేదా?" అన్నారు. వస్తోంది. కుర్రాడికి కూడా వస్తోంది. ఆ బోర్డు మీదున్న అక్షరాలన్నీ గుర్తుపడుతున్నాడు. తన పేరు రాసుకుందామంటే అందులో రెండక్షరాలు బోర్డు మీద లేవట. బిల్లు కాగితం వెనక రాసి చూపించాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ హోటలు పేరు రాయడం లేదు, ప్రకటన అనుకుంటారని. మీరెప్పుడైనా బరంపురం వస్తే, అందులోనూ ఆసుపత్రి పని మీద వస్తే, గిరి రోడ్డులో తెలుగు బోర్డున్న భోజనం హోటలేదని ఏ ఆటో అబ్బాయినైనా అడగండి. పనసపొట్టు కాలమైతే అది తప్పకుండా తెప్పించుకోండి. ఖట్టా మాత్రం ఇంకా తియ్యగానే ఉంది. ఆ సంగతి చెప్పేవాళ్ళు బెంగుళూరులో ఉన్నారు.